ఆరువందల గేజి

2004 జూన్‌లో నన్ను రాయపూర్‌లోని ఒక ట్రాక్టర్ డీలరు వర్క్‌షాపుకు సర్వీసు ఇంజనీరుగా వేశారు. హైడ్రాలిక్ పంపుగానీ వాల్వుగానీ చెడిందని తేల్చాలంటే కింద నా సంతకం పడాలి. హెడ్ మెకానిక్ అప్పలరాజు గారిది శ్రీకాకుళం, వయసులో నాకంటే చాలా పెద్ద.

వానలు మొదలయ్యాక దగ్గర్లోని ధర్సీవా నుంచి ఫులేశ్వరీ బాయి అనే రైతు తన ట్రాక్టర్ తెచ్చింది. వెనక తగిలించిన కల్టివేటర్ పైకి లేవడం లేదు. “రోపా కే బేరా నికల్ జాహీ, సాహెబ్” అంది. నాట్ల అదును దాటిపోతుందని ఆమె దిగులు. అప్పలరాజు గారు కల్టివేటర్‌ను ఎత్తే లిఫ్టుకు నూనె వెళ్ళే దారి మూసి, పంపు లైనుకు ఒత్తిడి కొలిచే గేజి తగిలించారు. ముల్లు నూట పది దగ్గరే ఆగిపోవడంతో తేల్చేశారు: “పంపు ఖరాబైపోనాది సార్. మార్చీడమే.” కొత్త పంపు నాగపూర్ నుంచి రావాలి. వచ్చేసరికి నాట్లు అయిపోతాయి.

నా కళ్ళు గేజి మీద పడ్డాయి. సిల్తారా పారిశ్రామికవాడలో మూతపడిన ఒక మిల్లు నుంచి వచ్చిన పాతది, చదరపు సెంటీమీటరుకు ఆరువందల కేజీల ఒత్తిడి దాకా చూపేది. ఆ ట్రాక్టర్‌లో ఒత్తిడి నూట యాభై దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని నూనెను వెనక్కి వదిలేస్తుంది. అంటే ముల్లు డయల్లో పావు వంతు దాటదు. గేజి చూపే తప్పును దాని పూర్తి కొలతలో ఇంత శాతమని లెక్కగడతారు కనుక పెద్ద గేజిలో తప్పూ పెద్దదే, అది పాతదైతే ఇంకా పెద్దది. ఇదెందుకు వాడుతున్నారని అడిగితే “పెద్దదైతే పేలదు గదా సార్” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వడ్లు తూచే కాటా మీద బంగారం తూస్తారా అన్నాను. సంతకం పెట్టనన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నమే సిల్తారా వెళ్ళి రెండువందల యాభై గేజి తెచ్చాను. పని ఒత్తిడి డయల్ మధ్య భాగంలో పడాలన్నది ఎంపికలో మొదటి నియమం. లోపల గ్లిజరిన్ నింపినదే తీసుకున్నాను, లేకపోతే అదురుకు ముల్లు నిలవదు.

బిగించి చూస్తే ముల్లు నూట యాభై దగ్గర నిలబడింది. పంపు నిక్షేపంగా ఉంది. లిఫ్టు విప్పితే పిస్టన్ సీలు తెగి నూనె జారిపోతోంది. అలాంటి సీలు మా స్టోరులోనే ఉంది. మర్నాడు ఫులేశ్వరీ బాయి కల్టివేటర్‌ను ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసుకుని నవ్వుతూ వెళ్ళింది.

అప్పలరాజు గారు ఇంకా నా మాటకు అలిగే ఉన్నారనుకున్నాను. ట్రాక్టర్ గేటు దాటాక ఆయన షెడ్డు వెనక తుక్కులోంచి ఒక పంపు మోసుకొచ్చారు. నేను చేరకముందు పనికిరాదని ఆయనే తీసేసిన పంపు అది. కడిగి, ఇంకో బండికి బిగించి, కొత్త గేజి తగిలించారు. ముల్లు నూట యాభై దాకా వెళ్ళింది.

ఆయన “బతికున్నవాటినే పారీసినాం సార్” అన్నారు. పాత గేజిని సుత్తితో ఆయనే పగలగొట్టారు.

ఆ తర్వాత నా సర్వీసంతా, పంపు పోయిందని ఎవరన్నా ముందు గేజి చూపించమనేవాణ్ణి.