చలిగదిలో రెక్కలవాళ్ళు

పిల్లల కోసం నేను రాసిన మొదటి నవలకు ముగింపు నా ఒక్కదాని వల్ల కాలేదు. ఆ సంగతి చెప్పాలి.

మాది పర్చూరు. బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఒక వేసవిలో అటు వెళ్ళినప్పుడు లోపలికి తీసుకెళ్ళి చూపించారు. బయట మాడు పగిలే ఎండ. లోపల చీకటి, చలి, కప్పు దాకా పేర్చిన మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. ఘాటుకి కళ్ళలో నీళ్ళు, చలికి పళ్ళు టకటక.

“ఇక్కడ పెడితే కాయ రంగు దిగదు. ఎట్టా వచ్చిందో అట్టాగే ఉంటుంది” అన్నారాయన.

ఆ మాట నన్ను వదల్లేదు. బస్సులో ఇంటికొచ్చేలోపు కథ తయారైంది. రెక్కలున్న చిన్న మనుషులు. వాళ్ళ ఒంట్లోంచి వచ్చే వెలుగు కోసం ఒక షావుకారు వాళ్ళను పట్టి ఇలాంటి చలిగదిలో దాస్తాడు. చలికి రెక్కలు బిగుసుకుపోతాయి కనుక వాళ్ళను బంధించడానికి పంజరం కూడా అక్కర్లేదు.

రాసినంత వరకు సాయంత్రాలు వాకిట్లో కూర్చుని మా అమ్మాయికి చదివి వినిపించేదాన్ని. అది తొమ్మిదో తరగతి. నచ్చకపోతే మొహమాటపడదు. పక్క మంచం మీద మా అత్తగారు. ఆవిడ వయసులో ఉన్నన్నాళ్ళు మిరపకోతలకు వెళ్ళారు. ఇప్పుడు చర్చిలో ఆదివారం పిల్లలకు పాటలు నేర్పుతారు. మొదటిరోజే అడ్డుపడ్డారు.

“ఏందమ్మాయ్, ప్రార్థన చేసుకునే ఇంట్లో దయ్యాల కథలు?”

“దయ్యాలు కాదత్తయ్యా, రెక్కలున్న మనుషులు.”

“రెక్కలుంటే దేవదూతలు గదా?”

“దేవదూతలూ కాదు.”

“ఏదీ గానోళ్ళ గురించి నీకెందుకు మరి?” అని అటు తిరిగి పడుకున్నారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం, చలిగదిలో ఒక తల్లి తన బిడ్డ రెక్కల మీద వేడిగా ఊపిరి ఊదే చోటు చదువుతున్నాను. దుప్పట్లోంచి అత్తగారి గొంతు వినబడింది. “ఆ షావుకారుకి పిల్లల్లేరా ఏంది?” మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ మంచం మాకు దగ్గరగా జరిగింది.

చివరి అధ్యాయంలో పట్నం నుంచి ఒక ధైర్యవంతుడైన కుర్రాడొచ్చి, తాళం పగలగొట్టి అందర్నీ విడిపిస్తాడు. బాగా వచ్చిందనుకున్నాను. చదవడం ఆపగానే మా అమ్మాయి మొహం ముడుచుకుంది.

“అంతమంది ఉండి, వాడొక్కడు వచ్చేదాకా ఊరికే కూచున్నారా?”

“చలికి కదల్లేరు కదే!”

“నోరు కదులుద్ది గదా” అని అత్తగారు లేచి కూర్చున్నారు. “మంచు పడే రోజుల్లో కోతకి పోతే మా వేళ్ళు కొంకర్లు పోయేయి. ఒకత్తి పాట ఎత్తుకునేది. మిగతావాళ్ళం అందుకునేవాళ్ళం. పాడతా పాడతా ఉంటే ఒళ్ళు అదే కాగేది. వాళ్ళని పాడమను.”

“పాడితే తలుపు దగ్గర కావలివాడు వినడా అత్తయ్యా?”

“వింటే విననీ. వాడు మాత్రం మనిషి కాదా?”

మా అమ్మాయి మంచం మీంచి ఎగిరి దూకింది. “విని ఏం చేస్తాడు? ఏందా పాట అని తలుపు తీస్తాడు! తలుపు తీస్తే బయట ఎండ నానమ్మా, ఎండ!”

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పట్నం కుర్రాడి పని అక్కడితో అయిపోయింది. అతని మీద ఎంత ప్రేమ పెట్టుకున్నానో! అయినా కొట్టేస్తుంటే బాధ కలగలేదు. ఆ అధ్యాయం రాసినంత హాయిగా మరేదీ రాయలేదు. పాటలో ఏ మాటలుండాలో నానమ్మా మనవరాలూ అన్నం దగ్గర కూడా వాదించుకున్నారు.

పుస్తకం అచ్చయింది. అత్తగారు చదువుకోలేదు కనుక మనవరాలి చేత మళ్ళీ మొదటినుంచి చదివించుకున్నారు. తర్వాత ఆదివారం బడిలో పిల్లలకు తన నోటితో చెప్పడం మొదలుపెట్టారు. అది నాకు తెలియదు. ఒకరోజు మా బడిలో ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది.

“టీచర్, ఇందులో తప్పు పడింది.”

“ఎక్కడమ్మా?”

“చివర్లో షావుకారు ఏడ్చి, మారుమనస్సు పొంది, రెక్కలోళ్ళకి గంజి కాచి పోయాలి గదా. అది లేదు.”

నవ్వాపుకోలేకపోయాను. ఇంటికెళ్ళి అడిగితే అత్తగారు చింతపండు గింజలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

“మరి వాడి సంగతి నువ్వు తేల్చకుండా వదిలేశావ్. పిల్లలు అడగరా? ఇంకోసారి అచ్చేసేటప్పుడు సరిచెయ్యి.”

నేనింకా సరిచేయలేదు. మా ఊరి పిల్లలు మాత్రం ఆవిడ చెప్పిందే అసలు కథ అంటారు.