ఆ బాదులు తీయించింది నేనే

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. నాకు బరువు అలవాటు కాలేదు. దాన్ని పైకి కనపడనీయకుండా మోయడం మాత్రం బాగా అలవాటైంది.

నా పేరు మీకు అక్కర్లేదు. రాజోలు దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలిని. మాటంటే మాటే అని పేరున్న మనిషిని. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల్ని నా గదికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ నోటితోనే నిజం చెప్పించేదాకా వదిలేదాన్ని కాదు. ఆ విద్యలో నాకు సాటి లేరు. మరి నా దాకా వచ్చేసరికి ఆ విద్య ఏమైంది?

జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా ఇల్లు మామగారి కాలంలో కట్టింది. హాలు ఇరుకు. హాలుకూ పక్కగదికీ మధ్య గోడ తీయించి రెండూ ఒకటి చేయాలని నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక. ప్రమోషన్ వచ్చిన ఏడు ఆ పని పెట్టుకున్నాం. మేస్త్రీలను పిలిచి అడిగితే ఇద్దరు నిలబడిన చోటు నుంచే "తీసేద్దామండి, ఎంతసేపు" అన్నారు. మూడో ఆయన ఏసుబాబు. ఆయన మేడ మీదికి వెళ్ళి చూసి వచ్చి, గోడమీద తాపీతో కొట్టి చూసి, "స్లాబు బరువంతా దీనిమీదే ఉందండి. తియ్యొచ్చు గానండి, దీని బదులు బీమ్ పొయ్యాలండి" అన్నారు. ఆ ఒక్క మాటకే పని ఆయనకిచ్చాను. ఆయన మా చర్చి సంఘంలో మనిషే. ఆయన కూతురు మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేనైతే ఆ రోజు గుర్తుంచుకునే ఉన్నాను.

స్లాబు కుంగకుండా దాని కింద వరసగా సరుగుడు బాదులు నిలబెట్టి, గోడ తీసి, కాంక్రీటు బీమ్ పోశారు. పని శుభ్రంగా చేశారు. ఆ బాదులు మాత్రం హాలు మధ్యలో అలాగే ఉన్నాయి. నాకేమో ప్రమోషన్ వచ్చినందుకు ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకోవాలని తొందర. శనివారం అనుకున్నాం. పాస్టరుగారికి చెప్పాం. టీచర్లందరినీ పిలిచాను. అప్పుడడిగాను.

"మేస్త్రిగారూ, ఈ బాదులు ఎప్పుడు తీస్తారు?"

"ఇరవయ్యొక్క రోజులుండాలండి. ఇంకా పదే అయ్యేయండి."

"రాయిలా బిగిసిపోయింది కదండీ."

"పైకి రాయేనండి. లోపలింకా పచ్చేనండి. మీరు వాకిట్లో షామియానా ఏయించుకోండి టీచరుగారూ. బాదులు మాత్రం ముట్టుకోనివ్వకండి."

"సరే" అన్నాను. స్పష్టంగానే అన్నాను.

శుక్రవారం ఏసుబాబు తలుపులకు టేకు చూడటానికి రామచంద్రపురం వెళ్ళారు, సోమవారానికి గాని రానన్నారు. మావారు ఆఫీసుకు వెళ్ళారు. పనివాళ్ళిద్దరు వంటింటి గట్టు దగ్గర పని చేసుకుంటున్నారు. నేను హాల్లో నిలబడి ఆ బాదుల్ని చూశాను. రేపు నా ఇంటికి వచ్చేవాళ్ళు ఈ కర్రల మధ్యనుంచి తలలు వంచుకుని నడుస్తారా? నేను అంత ఇష్టపడి చేయించుకున్న హాలు ఎవరికీ కనపడదా? పనివాళ్ళను పిలిచి చెప్పాను. "మేస్త్రిగారితో ఫోన్లో మాట్లాడాను. తీసెయ్యమన్నారు." వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరుగారు అబద్ధం చెబుతారని ఎవరనుకుంటారు? గంటలో తీసి పెరట్లో కొబ్బరిచెట్ల కింద పేర్చారు.

కూడిక బాగా జరిగింది. దాచడం ఎందుకు, ఆ సాయంత్రం నేను గర్వపడ్డాను. హాలు చూసి అందరూ మెచ్చుకున్నారు. పాస్టరుగారు దేవునికి స్తోత్రం చెబుతుంటే నేను కళ్ళు మూసుకుని నా హాలు గురించే ఆలోచించాను.

సోమవారం పొద్దున్న మా అత్తగారు ఆ బీమ్ కింద కుర్చీ వేసుకుని గోరుచిక్కుళ్ళు తుంపుతున్నారు. పెళపెళమని శబ్దం వచ్చింది. బీమ్ పక్కన స్లాబు నెర్రె విచ్చి, అరచేతి మందాన పెద్ద పెచ్చు ఊడి ఆవిడ మీద పడింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకోబట్టి తల దక్కింది. మణికట్టు విరిగింది.

ఆసుపత్రినుంచి మేం తిరిగొచ్చేసరికి ఏసుబాబు మా వాకిట్లో ఉన్నారు. అప్పటికే లోపల మళ్ళీ బాదులు నిలబెట్టించారు. పనివాళ్ళతో మాట్లాడే ఉంటారు. అది ఆయన మొహం చూడగానే నాకు అర్థమైంది. మావారు కోపంతో ఊగిపోతూ, "బాదులు ఎవరు తీయమన్నారు?" అని అడిగారు.

ఆయన నోరు విప్పేలోపే నేను అందుకున్నాను. "వీళ్ళ మనుషులే. నేను వద్దంటున్నా వినలేదు."

ఏసుబాబు నా వైపు చూశారు. ఎంతసేపు? రెండు క్షణాలు ఉంటాయేమో. ఆ తర్వాత మావారి వైపు తిరిగి, "ఆయ్. మావోళ్ళే తీసేరండి. చూసుకోపోడం నాదే తప్పండి" అన్నారు.

ఎందుకన్నారు? నాకు తెలుసు. ఆయన కూతురు నా స్కూల్లో ఉంది. నేను ఆయన్ని బెదిరించలేదు. బెదిరించనక్కర్లేదని తెలిసిన మనిషికి బెదిరించాల్సిన పనేముంది? "భయపడి అబద్ధమాడాను, ఆ క్షణంలో నోరు జారింది" అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నేను లెక్క వేసుకునే మాట్లాడాను. ఆయన కాదనలేరని తెలిసే మాట్లాడాను.

బీమ్ పగలగొట్టి మళ్ళీ పోశారు. నెల రోజులు రోజూ వచ్చారు. రోజూ నా చేతి టీ తాగారు. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మా సంఘం అప్పుడు ఫెలోషిప్ హాలు కట్టాలనుకుంటోంది. పని ఏసుబాబుకే అని అప్పటిదాకా అందరి నోటా ఉంది. కమిటీలో మావారే అడ్డుపడ్డారు. ముసలావిడ చెయ్యి విరగ్గొట్టిన మేస్త్రి అన్నారు. ఆ మాట ఊరు దాటింది. ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని పిలవడం మానేశారు. రెండేళ్ళకల్లా ఆయన సొంతంగా పనులు ఒప్పుకోవడం పోయి, తాపీ సంచీ పట్టుకుని సఖినేటిపల్లి రేవు దాటి, నరసాపురం వైపు వేరే మేస్త్రీల కింద కూలికి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆయన కూతురికి నేను దగ్గరుండి చదువు చెప్పాను. పుస్తకాలిచ్చాను. నర్సింగులో సీటు వచ్చేదాకా వెంటపడ్డాను. అందరూ మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు. ఆ పిల్ల నాకు నమస్కారం పెట్టిన ప్రతిసారీ నేను ఇస్తున్నది సాయం కాదనీ లంచమనీ నాకు తెలుస్తూనే ఉండేది.

మా అత్తగారు మూడేళ్ళ క్రితం పోయారు. చలికాలంలో చెయ్యి సలిపినప్పుడల్లా ఏసుబాబును తిట్టుకునేవారు. తిట్టుకుంటూనే పోయారు. ఆవిడకు నేను ఇక చెప్పలేను.

ఈమధ్య ఆ ఫెలోషిప్ హాలుకు వంటగది కట్టించాలన్న మాట వచ్చింది. కమిటీలో ఎవరో ఏసుబాబు పేరెత్తారట. మావారు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారు. "అతని పని సంగతి మనకి తెలీదేంటి!"

నేను అన్నం వడ్డిస్తున్నాను. గరిట కింద పెట్టి చెప్పేశాను. మూడు వాక్యాలే. మావారు కంచం ముందునుంచి లేచిపోయారు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మ చేత కూడా ఆయన్ని తిట్టించావు" అన్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు నేను వండింది ముట్టుకోలేదు. తినమని నేనూ అడగలేదు.

ఐదో రోజు ఏసుబాబు ఇంటికి వెళ్ళాను. అప్పుడే పనినుంచి వచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. భార్య కుర్చీ వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, అంతా విని, నెమ్మదిగా అన్నారు.

"తెలుసు కదండీ. మీరే చెప్తారని ఆ రోజు చూసేనండి. టీ ఇచ్చినప్పుడల్లా చూసేనండి. చర్చి హాలు పని పోయినప్పుడు కూడా చూసేనండి. ఆ తర్వాత చూడ్డం మానేసేనండి."

"నేనిప్పుడు ఏం చెయ్యమంటారు?"

"మీ ఇష్టవండి."

అంతే. కోపం లేదు. క్షమించానన్న మాటా లేదు. ఆయన భార్య మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నేను నీళ్ళు తాగి వచ్చేశాను.

ఆయన క్షమించాలని నేను అడగను. అడిగితే అదీ ఆయన మీద మరో బరువు పెట్టడమే. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడతానని పాస్టరుగారికి చెప్పాను. విషయం ఏమిటని ఆయన అడిగారు. అక్కడే చెప్తానన్నాను. పోయిన ఏళ్ళు దానివల్ల తిరిగి రావు. ఏసుబాబుకు మళ్ళీ పనులు వస్తాయో లేదో కూడా తెలియదు. నా స్కూల్లో పిల్లలు నా మొహం చూసి ఏమనుకుంటారో అనుకోనీ.

మీకైతే ఇప్పుడే చెప్పేశాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఆదివారం గొంతు వణుకుతుందేమోనని మావారు అన్నారు. వణకదు. ఆ అబద్ధం చెప్పిన రోజునే వణకలేదు.