గ్రీన్ బేలో బ్రిటిష్ ఆవిరి ఇంజను, మామయ్యగారి చేతులు

కళ్ల డాక్టరు మా మామయ్యగారిని పరీక్షించి, మధ్య చూపు నెమ్మదిగా పోతుందని, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈ ఏడాదే చూపించమని చెప్పారు. ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలోని మా ఇంటికి తిరిగి వస్తూ దారిలో నేను నయాగరా, న్యూయార్క్ అంటూ పేర్లు చెబుతుంటే ఆయన ఆవిరి ఇంజను ఒకటి చూడాలని ఉందన్నారు. మామయ్యగారు వయసులో ఉండగా నెల్లూరు వైపు రైలింజన్లు నిలిపే ఒక లోకో షెడ్‌లో, ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు. తర్వాత డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరయ్యారు. ఇంట్లో ఆ బొగ్గు రోజుల ఊసు ఎప్పుడూ ఎత్తేవారు కాదు. ఆ రాత్రే వెతికాను. మాకు నాలుగు గంటల దూరంలో, విస్కాన్సిన్ రాష్ట్రం గ్రీన్ బేలోని రైల్వే మ్యూజియంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజను ఒకటి ఉందట.

శనివారం ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. ఐ-88 హైవే మీద తూర్పుగా వెళ్లి, ఐ-294, ఐ-94 పట్టుకుని మిల్వాకీ చేరి, అక్కడి నుంచి ఐ-43 మీద తిన్నగా ఉత్తరానికి పోవాలి. టోల్ అంతా ఇల్లినాయ్‌లోనే, విస్కాన్సిన్‌లో లేదు. మిల్వాకీ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆగి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ తిన్నాం. పదకొండు లోపు మ్యూజియంలో ఉన్నాం. టికెట్లు ఇద్దరికీ కలిపి నలభై డాలర్లు దాటలేదు.

పెద్ద షెడ్‌లోకి అడుగు పెట్టగానే నా కాళ్లు ఆగిపోయాయి. నేను ఊహించుకున్నది నల్లటి పొగగొట్టం, గుండ్రటి బొజ్జ. ఎదురుగా ఉన్నది ముదురాకుపచ్చ రంగులో, ముక్కు నుంచి వెనక్కి ఏటవాలుగా జారిన నున్నటి ఇనుము. నిలబడి ఉన్నా పరుగెడుతున్నట్టే ఉంది. చక్రాలు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. పక్కన నిలబడితే నా తల దాని పై అంచుకు చాలా కిందే ఉండిపోయింది.

అక్కడ వాలంటీర్ గైడ్ బిల్, రిటైరైన మెకానిక్. ఇంజను కథ ఆయనే చెప్పాడు. 1937లో ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో పుట్టింది. లండన్ నుంచి ఉత్తరానికి పోయే ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో దానికి ఒక అమెరికన్ సేనాధిపతి పేరు పెట్టారు. 1963లో పనిలోంచి తప్పించినప్పుడు ఆ పేరే దాన్ని కాపాడింది. పాత ఇనుము కింద పోకుండా ఓడెక్కి ఇక్కడికి చేరింది. ముప్పై అయిదు తోబుట్టువుల్లో ఇప్పుడు మిగిలినవి ఆరు. కొన్నేళ్ల కిందట ఆ ఆరింటినీ ఒక్కచోట నిలబెట్టడానికి దీన్ని మళ్లీ సముద్రం దాటించి, తిరిగి తెచ్చారట.

మెట్లెక్కి డ్రైవర్ గది దగ్గరికి వెళ్తే రెయిలింగ్ అడ్డం ఉంది. లోపల చీకటి. మామయ్యగారు తల అటూ ఇటూ తిప్పి పక్క చూపుతో ప్రయత్నించారు.

"లైట్ వేయమంటారా మామయ్యా?" అని ఫోన్ తీశాను.

"వద్దమ్మా. ఎంత లైటేసినా నడిమధ్య మసకే" అన్నారు.

ఆయన వెనక్కి తిరగబోతుంటే సంగతేమిటని బిల్ అడిగాడు. ఆయన చూపు గురించి, ఒకప్పటి లోకో షెడ్ పని గురించి చెప్పాను. బిల్ కిందికెళ్లి ఎవరినో అడిగి వచ్చి రెయిలింగ్ తీశాడు. వేసుకోవడానికి గుడ్డ గ్లవుజులు ఇచ్చాడు.

మామయ్యగారు వాటిని తిరిగి ఇచ్చేశారు. "నాకిప్పుడు చేతులే కళ్లని చెప్పమ్మా ఆయనకి."

చెప్పాను. బిల్ తలూపి గ్లవుజులు జేబులో పెట్టుకున్నాడు.

లోపల మామయ్యగారు తడుముకోలేదు. చెయ్యి చాపిన చోటల్లా ఆయన వెతికేది దొరికింది. ఆవిరిని వదిలే రెగ్యులేటర్, నీటి మట్టం చూపే గాజు గొట్టం, బాయిలర్‌లోకి నీళ్లు పంపే ఇంజెక్టర్. ఫైర్‌మన్‌కి మెత్తటి సీటు ఉందని తెలిసి, తమకు కూర్చునే తీరికే ఉండేది కాదని నవ్వారు. తర్వాత బొగ్గు మండే ఫైర్‌బాక్స్ తలుపు ముందు నిలబడి కాళ్లు ఎడం చేశారు. చేతిలో పార లేదు. అయినా నడుము వంచి, తిరిగి, విసిరారు. మళ్లీ, మళ్లీ. ఎడమ మూల, కుడి మూల, తలుపు దగ్గర. నలభై ఏళ్లుగా ఎరిగిన మనిషిలో నేనెన్నడూ చూడని మనిషి అక్కడ పనిచేస్తున్నాడు.

ఇంజన్ల మీద పుస్తకాలన్నీ చదివానని, నిప్పు వేసిన మనిషిని మాత్రం ఇప్పుడే కలిశానని బిల్ అన్నాడు. ఆ తర్వాత బిల్ చేసిన పనిని నేను మరిచిపోలేను. తన కళ్లు మూసుకుని చెయ్యి ముందుకు చాపి, "నాకు నేర్పమని అడగండి" అన్నాడు. మామయ్యగారు ఆ చేతిని పట్టుకుని ఒక్కొక్క పిడి దగ్గరికీ తీసుకెళ్లారు. ఆయన తెలుగులో, రైల్వే ఇంగ్లీషులో కలిపి చెబుతుంటే నేను అనువాదం చేయడం మానేశాను. వాళ్లకు నా అవసరం లేదు.

వచ్చే నెల మిగతా వాలంటీర్లకు కూడా చెప్పడానికి రమ్మని బిల్ పిలిచాడు. మామయ్యగారు నన్ను అడగకుండానే వస్తానన్నారు. అరవై ఏళ్లకు పైగా నిప్పు ఎరగని ఆ ఇంజనుకు తుప్పు పట్టకుండా ఎందరో కాపలా కాస్తున్నారు. నేను మాత్రం ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉన్న అనుభవాన్ని ఒక్కసారైనా అడిగి తెలుసుకోలేదు. తిరుగు దారిలో నాలుగు గంటలూ అడుగుతూనే ఉన్నాను.

మీరు వెళ్తే ఒక్క మాట. ముందుగా మ్యూజియానికి ఫోన్ చేసి, ఆ రోజు డ్రైవర్ గది చూపిస్తారో లేదో కనుక్కోండి. మీ వెంట వచ్చే పెద్దవాళ్లు ఒకప్పుడు ఏ పని చేశారో కూడా అప్పుడే చెప్పండి. మేం చెప్పలేదు. అదృష్టం కొద్దీ బిల్ అడిగాడు.