సుద్దగీతల నగరాలు

సారు పోయారన్న కబురు మా ఎస్టేట్‌లోని రెండు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకే మాటల్లో వచ్చింది. "బాపు రాత్రి నిద్రలోనే పోయిండు." పాత ఇళ్ళవాళ్ళ గ్రూపులో ఆయన కూతురే రాసింది. తర్వాత నాకు విడిగా, "మీవాళ్ళకు కూడ చెప్పు అక్కా" అని పంపింది. ఆ మాటల్నే మా కొత్త ఇళ్ళవాళ్ళ గ్రూపులో పెట్టాను.

ఐర్లండ్‌లోని నేస్ అనే ఊళ్ళో మా ఎస్టేట్‌లో, అంటే ఈ ఇళ్ళ కాలనీలో, తెలుగువాళ్ళకు రెండు గ్రూపులు ఎందుకని అడిగితే చెప్పడానికి సిగ్గేస్తుంది. ఒక ఉగాదికి సమయం చాలక ఎవరి పిల్లల డాన్సో మధ్యలో ఆపేశారు. అంతే. మరుసటేడు రెండు ఉగాదులు, రెండు హాళ్ళు, ఎవరి పులిహోర గొప్పదో తేలని ఫోటోలు. ప్రాంతాల గొడవైనా కాదు. అన్ని జిల్లాలవాళ్ళూ రెండు వైపులా ఉన్నారు.

సారు వరంగల్‌లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మనవరాలిని చూసిపోదామని వచ్చేసరికి కరోనాతో విమానాలు ఆగిపోయాయి. అల్లుడి రెయిన్ జాకెట్ చేతులు మడిచి తొడుక్కుని, మంకీ క్యాప్ పెట్టుకుని, జేబులో స్టీలు గ్లాసుతో సాయంత్రాలు ఇళ్ళ మధ్య పచ్చిక మైదానం, గ్రీన్, చుట్టూ నడిచేవారు. "ఈడ వాన గూడ మర్యాదస్తురాలే బిడ్డా, చెప్పకుంట పోదు, చెప్పకుంట రాదు" అనేవారు. ఆయన తడవని రోజు నాకు గుర్తులేదు.

బయట దూరందూరంగా కలవొచ్చని నిబంధనలు సడలించాక, పిల్లలు దగ్గరగా రాకుండా ఆయన కాలిబాట మీద సుద్దముక్కతో వలయాలు గీశారు. ఒక్కో వలయం ఒక్కో గ్రీకు నగరం. మా అబ్బాయిది స్పార్టా. సముద్రం నచ్చినవాళ్ళకు ఏథెన్స్, కొరింత్. మిగిలినవాళ్ళకు థీబ్స్. ఎవరి నగరానికి వాళ్ళే చట్టాలు రాసుకోవాలి. స్పార్టాలో హోంవర్క్ నిషేధమని మావాడు మొదటిరోజే ప్రకటించాడు.

"షీ స్టెప్ట్ ఔట్, తాతా! దట్స్ యాన్ ఇన్వేజన్!" అని కేకేశాడు మావాడు.

"అయితే యుద్ధం జెయ్యి. నోటితోని. కాలు గీత దాటొద్దు."

పాత ఇళ్ళ పిల్లలూ కొత్త ఇళ్ళ పిల్లలూ అక్కడ కలిసిపోయారు. పెద్దవాళ్ళం మాత్రం గ్రీన్‌కి చెరోవైపు నిలబడి, తల ఊపీ ఊపనట్టు ఊపుకునేవాళ్ళం.

ఒకరోజు మావాడు, "కాంట్ వి జస్ట్ రబ్ అవుట్ ద లైన్స్?" అన్నాడు.

"గీతలు చెరిపితే ఊర్లు పోతయి రా. నీ ఊరు నీకుండనియ్యి. పక్కూరోనికి తొవ్వియ్యి, చాలు."

నాకు సందేహాలెక్కువ. పిల్లలు వెళ్ళాక అడిగాను, "చివరికి ఆ నగరాలన్నీ ఏకమయ్యాయా సార్?"

"పర్షియావాళ్ళ మీద భయంతోని కొన్ని కలిసినయి. భయం పోంగనే మళ్ళ కొట్టుకున్నయి. ఆఖరికి ఉత్తరం దిక్కు రాజొకడు కత్తి వట్టుకొచ్చి ఏకం జేసిండు. అది కలుసుడు కాదు బిడ్డా, కట్టేసుడు."

"మరి ఆశ ఏముంది?"

"ఆటలు. నాలుగేండ్లకోసారి ఆటలొస్తే, పోయేటోళ్ళ తొవ్వకు ఎవ్వరు అడ్డం రావద్దని ఒప్పందం. యుద్ధాలు ఆగలే. తొవ్వ మాత్రం తెరిచి వెట్టిన్రు. నాకు వాళ్ళల్ల నచ్చిందదే." గ్లాసులో మిగిలిన టీ గడ్డి మీద వంపారు. "విమానాలు మొదలైతే నేను పోత. నా బిడ్డ నర్సు. రాత్రి డ్యూటీలు. అల్లునికి గూడ గవే. చంటిపిల్ల. నేను పోయినంక దానికి ఇరుగుపొరుగుండాలె. రెండు దిక్కులా ఉండాలె."

నేను తలూపాను గాని, మావాళ్ళను నమ్మి మాటివ్వలేకపోయాను.

విమానాలు మొదలవుతున్నాయనే మాట వినపడ్డ రోజుల్లోనే ఆయన వెళ్ళిపోయారు. అంత్యక్రియలకు కొద్దిమందికే అనుమతి. ఏం చేయాలో తెలియక గేటు దగ్గర నిలబడి ఉంటే పక్కింటి ఐరిష్ ఆవిడ చెప్పింది, సారును తీసుకెళ్ళే బండి దారి పొడుగునా నిలబడతామని, ఇక్కడ ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారని. ఆ మాట రెండు గ్రూపులకూ చేరింది.

మేం బయటికి వచ్చేసరికి పిల్లలు రోడ్డుకు రెండువైపులా వలయాలు గీసేశారు. మా గ్రూపు అధ్యక్షుడు అలవాటుగా మా వైపుకు నడవబోయాడు. మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నో అంకుల్, దట్స్ కొరింత్. యూ ఆర్ ఓవర్ దేర్, ఇన్ థీబ్స్."

థీబ్స్ పక్కన ఏథెన్స్‌లో అవతలి గ్రూపు అధ్యక్షుడు ముందే నిలబడి ఉన్నాడు. "రండి, ఏం చేస్తాం, వీళ్ళ రాజ్యం" అన్నాడు. మాస్కుల వెనక ఇద్దరూ నవ్వారనే అనుకుంటున్నాను.

ఇది ఏకమవడమా, ఒక్కపూట సంధా? నాకింకా తెలియదు. గ్రూపులు ఇప్పటికీ రెండే. కానీ నిన్న మా గ్రూపులో అధ్యక్షుడి భార్య ఒక మాట పెట్టింది. "సారుగారి అమ్మాయికి ఈ వారం నైట్ డ్యూటీలు. చంటిపాప దగ్గర సోమవారం నేనుంటాను. మంగళవారం అటువాళ్ళు. బుధవారం ఎవరు?"

బుధవారం నేను.

సారును సాగనంపిన ఆ రోజు, బండి మలుపు తిరిగేలోపే వాన మొదలైంది. చూస్తుండగానే స్పార్టా, ఏథెన్స్, థీబ్స్ తెల్లటి నీళ్ళై రోడ్డంచున పారాయి. కాళ్ళ కింద గీత లేదు. అయినా ఎవరి చోట వాళ్ళం అలాగే నిలబడ్డాం, మధ్యలో దారి వదిలి.