ఎంగిలి బకెట్టు తూకం

హోంసైన్సు చదివి, బీఈడీ పూర్తిచేసి, రామచంద్రపురానికి దగ్గర్లో ఒక మిషన్ బడిలో చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. డెబ్బైల చివరి మాట. అది ఆడపిల్లల బడి. సగంమంది ఊళ్లోవాళ్లు, సగంమంది గోదారి లంకల్లోంచీ కాలవ చివరి ఊళ్లనుంచీ వచ్చిన హాస్టలు పిల్లలు. పోషకాహారం గురించి లోకానికి నేను చెప్పాల్సింది చాలా ఉందని గట్టిగా నమ్మేదాన్ని. లోకం కూడా నాకు ఒకటో రెండో చెప్పగలదని అప్పటికింకా తట్టలేదు.

ఆ వేసవిలో మా హెడ్మిస్ట్రెస్ గారు మద్రాసులో ఏదో ట్రైనింగుకి వెళ్లొచ్చారు. వచ్చీ రాగానే హాస్టలు భోజనం మార్చేశారు. తెల్లబియ్యం పోయి దంపుడు బియ్యం వచ్చాయి. పొద్దున్న ఉప్మా బదులు చోడి అంబలి, అంటే రాగి జావ. మధ్యాహ్నం రోజూ ఏదో ఒక ఆకుకూర. సాయంత్రం ఉడికించిన సెనగలు. నూనె సగానికి సగం తగ్గింది. పచ్చడి వారానికి ఒక్కరోజే. ఏది ఎలా వండాలో నా పాఠ్యపుస్తకంలోంచి నేనే ఎత్తిరాసి టైపు చేయిస్తే, ఆ కాయితాన్ని వంటింటి గోడకి అంటించారు.

"మార్చడం ఎవరైనా మారుస్తారండి. ఆ మార్పు పనిచేసిందో లేదో తేల్చాలి కదా. మీరు హోంసైన్సు కాబట్టి ఆ పని మీది. రెండు నెలల్లో రిపోర్టు ఇవ్వండి" అన్నారావిడ.

నాకు ఒళ్లు పులకరించింది. పిల్లల ఎత్తులూ బరువులూ రాసుకున్నాను. పిల్లలు కంచాల్లో వదిలేసింది ఒక బకెట్టులో వేయించి, ఫిజిక్సు ల్యాబులోంచి అడిగి తెచ్చుకున్న స్ప్రింగు త్రాసుకి తగిలించి తూచేదాన్ని. జడలో పెన్సిలు, చంకలో నోటుబుక్కు. శాస్త్రవేత్తలు ఇలాగే ఉంటారని నా ఉద్దేశం.

మొదటివారం బకెట్టు చాల్లేదు, రెండోది తెప్పించాల్సి వచ్చింది. అంబలి ముందు కూర్చుని పిల్లలు భోజన ప్రార్థన ఎంత భక్తిగా చేసేవారంటే, ఆమేన్ ఒక పట్టాన వచ్చేది కాదు. ఎంగిలి పట్టుకెళ్లే ఆవిడ గేదె మాత్రం ఆ వారంలో నిగనిగలాడింది. మా కార్యక్రమంవల్ల ముందుగా ఆరోగ్యం బాగుపడింది దానికే.

నేను పటాలు వేసి తరగతుల్లో చెప్పాను. ఆకుకూర తింటే కళ్లకి మంచిది, చోళ్లు తింటే ఎముకలకి మంచిది. పిల్లలు బుద్ధిగా తలలూపారు. మూడోవారానికి బకెట్టు తేలికైంది. నాలుగోవారానికి అందులో కరివేపాకు రెబ్బలు తప్ప ఏమీ లేవు. స్టాఫ్ మీటింగులో ఆ తూకాలు నేను చదువుతుంటే హెడ్మిస్ట్రెస్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా, మంచి చెబితే వింటారు పిల్లలు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నేను చెప్పబట్టే విన్నారని మనసులో చేర్చుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం, తూకం వేళకి ఇంకా టైముంది. మరిచిపోయిన నోటుబుక్కు కోసమని ముందే భోజనాల హాల్లోకి వెళ్లాను. నన్నెవరూ చూడలేదు. చివరి వరసలో ఒక చిన్నపిల్ల కళ్లు గట్టిగా మూసుకుని తోటకూర నములుతోంది, చెంపలమీద నీళ్లు. పక్కన పదో తరగతి పిల్ల, లంకనుంచి వచ్చిన పొడుగాటి పిల్ల, దాని వీపు నిమురుతోంది.

"మింగెయ్యవే, ఇంకొక్క ముద్దే. టీచరుగారి కోసం."

ఆ పొడుగాటి పిల్ల కంచంలో అప్పటికే నలుగురి కూర ఉంది. నన్ను చూసి హాలంతా గప్‌చిప్ అయిపోయింది.

"నా కోసం ఏంటి?" అన్నాను.

ఆ పొడుగాటి పిల్లే లేచింది. "బకెట్టు బరువెక్కితే మీ ఉద్యోగం తీసేస్తారటండీ."

"ఎవరు చెప్పారు?"

అందరి కళ్లూ వంటావిడ వైపు తిరిగాయి. ఆవిడ ముప్పై ఏళ్లుగా ఆ హాస్టల్లో వండుతోంది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "నేనేనండి. ఆ మొదటివారం త్రాసుకాడ మీ మొహం చూళ్లేకపోయానండి. టీచరమ్మ కూడా చిన్నపిల్లే, ఏడ్చేస్తదేమో అనిపించింది. అందుకని ఓ మాటన్నాను."

ఇంతలో ఆ పొడుగాటి పిల్ల మళ్లీ అంది: "ఒకటి అడగొచ్చాండీ? మీరెప్పుడైనా తిన్నారాండీ ఇది?"

తినలేదు. ఒక్కరోజు కూడా తినలేదు. మా అమ్మ రోజూ కారియరు కట్టి ఇచ్చేది. అల్లం పచ్చిమిర్చి కూరిన వంకాయలు, మజ్జిగ పులుసు, మల్లెపువ్వులాంటి తెల్లన్నం, ఓ ఆవకాయ బద్ద. స్టాఫ్ రూము కిటికీ ఆ హాల్లోకే ఉంది. నేను మూత తీస్తే ఆ వాసన తిన్నగా వాళ్ల తోటకూర మీదికే వెళ్లేదట. నాకా సంగతి అప్పుడే తెలిసింది.

మర్నాడు కారియరు లేకుండా వెళ్లి ఆ చిన్నపిల్ల పక్కనే కూర్చున్నాను. అన్నం పలుకు. కూరకి పోలీసు యూనిఫారం రంగు. ఉప్పు జాడ లేదు. రెండో ముద్ద గొంతులో ఆగింది. ఆ పిల్ల నావైపే చూస్తోంది. "మంచినీళ్లు తాగండి టీచరుగారూ, దిగిపోద్ది" అంది అనుభవంతో.

లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. "ఎలా వండారండీ ఇది?"

ఆవిడ గోడమీది కాయితం చూపించింది. "అందులో ఉన్నట్టేనండి. నీళ్లలో పది నిమిషాలు ఉడికించవలెను అనుందట, చదివించుకున్నాను. ఉప్పు మాట లేదు. తిరగమోత ఊసే లేదు. పెద్దవాళ్లు రాసిందాంట్లో నేను వేలెట్టడం ఎందుకని ఊరుకున్నానండి."

వినయంగానే చెప్పింది. ఇన్నేళ్లు వండిన మనిషిని ఒక్కమాట అడక్కుండా గోడకి కాయితం అంటించినందుకు అది ఆవిడ వేసిన శిక్ష. శిక్ష న్యాయమైందే, పడాల్సినవాళ్ల మీద పడలేదంతే.

"మీరైతే ఎలా వండుతారు?" అని అడిగాను.

అప్పుడు మొదలైంది అసలు కార్యక్రమం. బియ్యం ముందే నానేసింది. తోటకూరని చింతపండు, బెల్లం వేసి పులుసు పెట్టింది. గోంగూర పప్పులోకి వెళ్లింది. మునగాకు, నువ్వుల నూనె తీయగా మిగిలే తెలగపిండిలో కలిసింది. అంబలిలోకి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వచ్చాయి. సెనగలకి కొబ్బరి, మామిడికాయ తురుము పడ్డాయి. నూనె దగ్గర మాత్రం నేను తగ్గలేదు. "అర గరిటె చాలండి" అని నేను, "అరగరిటె మూకుడికి బొట్టెట్టడానికే సరిపోద్దండి" అని ఆవిడ. ముప్పావు దగ్గర రాజీపడ్డాం.

పిల్లల్ని కూర్చోబెట్టి, నా ఉద్యోగం ఎక్కడికీ పోదని, నచ్చకపోతే వదిలెయ్యమని చెప్పాను. ఆ పూట బకెట్టు బరువుగా ఉంది. జీవితంలో ఎంగిలి చూసి నేను సంతోషించింది ఆ ఒక్కసారే. తర్వాత్తర్వాత దానంతటదే తగ్గింది. కాకరకాయ రోజు తప్ప. కాకరకాయని ఆవిడ కూడా గెలిపించలేకపోయింది.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. మూడు, నాలుగు వారాల తూకాలు చెల్లవు, కారణం పిల్లలకి నామీద కలిగిన జాలి అని. హెడ్మిస్ట్రెస్ గారు అక్కడ ఆగిపోయారు.

"జాలి అని రిపోర్టులో ఎలా రాస్తామండీ?"

"మరేమనమంటారండీ?"

ఆవిడ ఎర్రసిరా పెన్ను మూత తీసి, కాసేపు చూసి, మళ్లీ పెట్టేశారు. "ఇవాళ నాకూ అక్కడే ఒక కంచం పెట్టించండి" అన్నారు.

వంటావిడ తనే వడ్డించింది. ఆ రోజు తెలగపిండి మునగాకు కూర. హెడ్మిస్ట్రెస్ గారు మారు అడిగి వేయించుకున్నారు. "మాకు మద్రాసులో ఇది చెప్పలేదే!" అన్నారు ఆశ్చర్యపోతూ.

"అక్కడికి వంటోళ్లని పిలిచుండర్లెండి" అంది వంటావిడ. హెడ్మిస్ట్రెస్ గారికి పొలమారింది. నవ్వువల్లనో మునగాకువల్లనో చెప్పలేను. గోడమీది కాయితం ఆ సాయంత్రమే ఊడింది.

ఏడాది చివర మళ్లీ పిల్లల్ని తూచాను. అందరూ పెరిగారు. కానీ ఆ వయసు పిల్లలు గోంగూర తిన్నా తినకపోయినా పెరుగుతారు. ఇది మా వంటవల్లే అని ఎంత రాయబుద్ధేసినా రాయలేకపోయాను. పాలిపోయి ఉండే వాళ్ల గోళ్లు మాత్రం రక్తం పట్టి కాస్త ఎర్రబడ్డట్టు అనిపించింది. అనిపించింది అనే రాశాను.