చేపల రాయికి పసుపు

మా అక్క మీద నాకు కోపం. తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నావా?" అంటుంది. వేలాడుతున్నాను.

హవాయి పెద్ద దీవిలో, తూర్పు ఒడ్డున నేను అద్దెకుంటున్న ఇంటి వెనక బీచ్ లేదు. గడ్డకట్టిన నల్లటి లావా, చెప్పుల్ని చీల్చే రాయి, మధ్య మధ్య మొగలి చెట్లు, కింద విరుచుకుపడే సముద్రం. సెలవులకొచ్చినవాళ్ళు చూసి మొహం ముడుచుకునే చోటు. నేను మాత్రం హాస్పిటల్ ఫార్మసీలో డ్యూటీ దిగి రోజూ అక్కడికే వెళ్ళేదాన్ని. ఆ దారి పక్కింటి అంకుల్‌ది. ఇక్కడా మనలాగే పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అంటారు. ఆయనది తరతరాలుగా ఈ ఒడ్డునే చేపలు పట్టుకుని బతికిన కుటుంబం. వాళ్ళ భూమి కొంత చెరకు కంపెనీకి పోయింది, కొంత రిసార్ట్‌కి పోయింది, కొంత లావా కింద పోయింది. మిగిలింది ఇల్లూ, ఆ దారీ, దారి చివర నిలబెట్టిన ఒక రాయీ.

మోకాలెత్తు రాయి. చుట్టూ చిన్న రాళ్ళ కట్టు. ఏటా వలలో పడ్డ మొదటి చేపని దాని ముందు పెట్టాకే రెండోది ఇంటికెళ్ళాలి. ఆయన తాత అలాగే చేశాడు, ఆయనా అలాగే చేస్తారు. "నడువు, కూర్చో, ఏడవాలనిపిస్తే ఏడువు. దాన్ని మాత్రం ముట్టుకోకు," అన్నారు నాతో మొదటిరోజే. నేను ముట్టుకోలేదు.

అక్కా బావా తాముండే నేపర్‌విల్ నుంచి సెలవులకి నా దగ్గరికి వచ్చారు. రాయిని ముట్టుకోవద్దని కారు దిగకముందే చెప్పాను, రాత్రి అన్నాల దగ్గర మళ్ళీ చెప్పాను. "సరేలేవే, మాకు తెలీదా?" అంది అక్క. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చి చూస్తే రాయికి నువ్వుల నూనె, నూనె మీద పసుపు, పసుపు మీద అడ్డంగా విభూతి, మధ్యలో కుంకుమ. ముందు కొట్టిన కొబ్బరికాయ. బావ ఫోటోలు తీస్తున్నాడు.

"చూడవే, స్వయంభూ శివుడు! ఇంత పవర్‌ఫుల్ ప్లేస్ పక్కనే పెట్టుకుని ఒక్క దీపం పెట్టలేదా నువ్వు?"

"ముట్టుకోవద్దన్నాను కదా అక్కా!"

"రెస్పెక్ట్‌తోనే కదే చేశాం. తొక్కామా, ఉమ్మామా? దేవుడు ఎక్కడైనా దేవుడే."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మరి నీ పూజగదిలో పటం ముందు ఎవరైనా పచ్చిచేప తెచ్చి పెడితే ఊరుకుంటావా అని అడిగాను. "ఛీ, నోర్ముయ్" అంది.

అంతలో అంకుల్ వచ్చారు. అరిస్తే బాగుండేది. బకెట్‌తో సముద్రపు నీళ్ళు తెచ్చి కడిగారు. లావా రాయి నిండా చిల్లులే. నూనె లోపలికి ఇంకిపోయింది, పసుపుని కూడా తీసుకుపోయింది. చొక్కా విప్పి రుద్దారు. చొక్కా పచ్చబడింది గానీ రాయి మీద పసుపు పోలేదు.

"సారీ అంకుల్, జస్ట్ టర్మరిక్. నేచురల్, ఏం కాదు," అన్నాడు బావ ఇంగ్లీషులో.

ఆయన బావ వైపు చూడలేదు. "వీళ్ళకి చెప్పావా?" అని నన్నడిగారు.

"చెప్పాను."

"అయితే తెలిసే చేశారు," అని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టారు.

బావ ఆ ఫోటోని, ఎలా రావాలో దారితో సహా, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణించి అది ఎక్కడెక్కడికి పాకిందో. దీవి చూడటానికొచ్చిన మనవాళ్ళ కార్లు మా వీధిలో ఆగడం మొదలైంది. పూలు, పాలు, అరటిపళ్ళు. ఒక పొద్దున చూస్తే రాయి లేదు. అంకులే తీసేశారు. ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్పలేదు, అడిగే మొహం నాకు లేదు. చెరకు కంపెనీ కదపలేనిదాన్ని, లావా కదపనిదాన్ని మా అక్క కదిపింది. ఆ ఏడు మొదటి చేప ఎక్కడ పెట్టారో నాకు తెలీదు.

పోయిన ఆదివారం ఎడిసన్ అనే ఊరి నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. పట్టుచీర కట్టుకున్నావిడ నా తలుపు కొట్టి, "స్వయంభూ లింగం ఇక్కడేనా అండీ?" అంది.

"లేదండీ. అది శివుడు కాదు, పక్కింటివాళ్ళ చేపల దేవుడు. మనవాళ్ళు పాడుచేస్తే వాళ్ళే తీసుకెళ్ళిపోయారు. దయచేసి వెళ్ళకండి."

"అయ్యో, శివుణ్ణే పీకేశారా? ఎంత పాపం మూటగట్టుకున్నారో!" అందావిడ.

అడ్డం నిలబడ్డాను. గట్టిగా అరిచాను కూడా. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పక్కనుంచి దారి దిగిపోయారు. రాయి లేని ఆ కట్టు మధ్యలో కొబ్బరికాయ కొట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. అంకుల్ తన వరండాలో నిలబడి అంతా చూస్తున్నారు.