పలకరింపు తీగ

మా సార్ పోయారని సోమవారం పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసింది. "నిద్రలనే పోయిండ్రు మేడం, ఎవరిని తిప్పల పెట్టలే" అంది. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ల విభాగానికి ఆయన పెద్ద. నిరుడే రిటైరయ్యారు. నాకు పని నేర్పింది ఆయనే.

దవాఖానలో చీటీ రాసే కౌంటర్ వెనక ఏముంటుందో మీరు ఆలోచించి ఉండరు. అవసరమూ లేదు. మా దగ్గర రెండు సర్వర్లు ఉంటాయి. ఒకటి ఆగితే రెండోది పని అందుకోవాలి. క్లస్టర్, ఫెయిలోవర్, హార్ట్‌బీట్ అని పుస్తకాల్లో వీటికి బోలెడు పేర్లు. పాలమూరులో డిగ్రీ చేసి వచ్చిన నేను అవన్నీ బట్టీ పట్టాను గానీ ఒక్కటీ తలకెక్కలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గు.

ఆ సిగ్గే కొంప ముంచింది. నేను కొత్తగా చేరిన ఏడాది దసరాకు ఆయుధపూజ చేద్దామంటే బంతిపూలు సారే తెచ్చారు. "జర మంచిగ తుడువు బిడ్డా, ఏడాదంత మనకు బువ్వ పెడుతున్నయ్" అని చెప్పి నమాజుకు వెళ్లారు. తుడిచాను, బొట్లు పెట్టాను. దండ వేద్దామంటే రెండు సర్వర్ల మధ్య ఒక సన్నని తీగ అడ్డమొచ్చింది. దాని మీద ఇంగ్లిషులో రెండక్షరాలున్నాయి. ఏం తీగో ఎవరినీ అడగకుండా పీకి పక్కన పెట్టాను.

ఆ తీగ గుండానే అవి ఒకదాని క్షేమం ఒకటి తెలుసుకుంటాయి. జవాబు రాకపోయేసరికి మొదటిది పోయిందనుకుని రెండోది పని అందుకుంది. మొదటిదేమో ఎప్పటిలా నడుస్తూనే ఉంది. సగం కౌంటర్లు దీంతో, సగం దాంతో. చిట్యాల నుంచి పరగడుపున వచ్చిన ఒక అవ్వ రిపోర్టు ఒక సర్వర్లో పడింది, డాక్టరు చూసేది ఇంకోటి. పరీక్షే కాలేదనుకుని మళ్లీ సూది గుచ్చారు. "ఇందాక తీసిన నెత్తురేం జేసిండ్రు బిడ్డా?" అని ఆమె అడుగుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎవరు పీకారని మేనేజరు గద్దించాడు. సార్ నా ముందుకొచ్చి నిలబడ్డారు. "తీగ మీద పేరు తెలుగుల రాయలే. తప్పు నాది" అన్నారు.

రెండు రోజులు కాగితాలు ముందేసుకుని ఇద్దరం వివరాలన్నీ సరిచేశాం. మూడో రోజు రాజీనామా ఇచ్చాను. ఆయన చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"గీ తీగను ఏమందాం?"

"హార్ట్‌బీట్ సార్."

"అది పుస్తకం మాట. పొద్దుగాల ఎదురింటోళ్లు కనవడితే తిన్నవా అని అడుగుతం గదా. గదే ఇది జేసే పని."

"పలకరింపు తీగ" అన్నాను. తెల్ల పట్టీ మీద అదే రాసి అతికించారు. ఆ తర్వాత రోజుకో మాట. రెండో సర్వర్ "తోడు" అయింది. ఫెయిలోవర్ "పని అందుకునుడు", మొదటిది బాగయ్యాక జరిగే ఫెయిల్‌బ్యాక్ "పని అప్పజెప్పుడు". నేను చేసిన గందరగోళానికి "ఇద్దరు పెద్దమనుషులు" అని పేరు పెట్టి పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. రాజీనామా మాట మళ్లీ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక తోడు అందుకుంటుందో లేదోనని మొదటి సర్వర్‌ను కావాలనే ఆపి చూసేవారు. ఒకసారి "నువ్వే ఆపు" అని నాకు వదిలేశారు. పలకరింపు తీగ ఊడలేదు కదా అని రెండుసార్లు చూసుకున్నాను. ఆయన తెర వైపు వీపు పెట్టి చాయ్ తాగుతున్నారు. "చూడరా సార్?" అంటే, "నువ్వు చూస్తున్నవ్ గదా" అన్నారు.

అయినా మళ్లీ ఏదో తప్పు జరుగుతుందన్న భయం నాకు పోలేదు. చెల్లెలి పెళ్లిలో కూడా ఫోను చేతిలోనే. సార్ తిట్టేవారు. "మిషన్‌కు తోడు పెట్టినవ్, నీకు పెట్టుకోవా?"

కబురొచ్చిన సోమవారం మాత్రం పని మా జూనియర్‌కు అప్పగించి సార్ ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుని, "డ్యూటీ ఎవరు చూస్తున్నరు బేటా?" అని అడిగారు. మా జూనియర్ పిల్ల ఉందన్నాను. "అయితే మంచిగ కూసో" అన్నారు. పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఫోను సంచిలోంచి తీయలేదు.

మర్నాడు జూనియర్‌ను అడిగాను, నిన్న ఏమన్నా అయిందా అని.

"పదకొండు గంటలకు మొదటిది ఆగిందక్కా. తోడు అందుకుంది. రిపోర్టులన్నీ చూసిన, మంచిగనే ఉన్నయ్."

"నాకు ఫోన్ చేయలేదేం?"

"ఎందుకక్కా, నేనున్న గదా" అంది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

సార్ ఇంట్లో రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి తన చాయ్ గ్లాసు నా ముందుకు జరిపింది.